ఒకే ఇంట్లో ముగ్గురు యోధులు

పోయిన ఆదివారం చాపకూడు గురించి రాసి, దాని మీద మీరు పంపిన ప్రశ్నలకి ఈ వారం జవాబులు రాస్తానన్నాను. మధ్యలో ఒక ఇంటికి వెళ్ళి రావాల్సి వచ్చింది. అక్కడ చూసింది వారమంతా బుర్ర తినేస్తోంది. అందుకని ముందు ఇది. ఎప్పట్లాగే పొడుగ్గా ఉంటుంది, బస్సులో చదువుకోండి.

మా కాలేజీ సెకండియర్ కుర్రాడొకడు పది రోజులు క్లాసుకి రాలేదు. బాగా చదివే పిల్లాడు. మొన్న వేమన మీద సెమినార్ పేపర్ ఇచ్చింది కూడా వాడే. ఏమైందిరా అంటే కాసేపు నసిగి, "స్టేషన్‌కి తిరుగుతున్నా సార్" అన్నాడు. హనుమాన్ శోభాయాత్రలో డీజే దగ్గర గొడవైందట. ఎనిమిది మందికి నోటీసులొచ్చాయి. వాళ్ళలో ఆరుగురు మాలపల్లె, మాదిగపల్లె కుర్రాళ్ళే. యాత్రకి డబ్బు పెట్టినవాళ్ళు, బండెక్కి మైకులో మాట్లాడినవాళ్ళు ఆ లిస్టులో లేరు. వాడి వాట్సప్ డీపీ చూశాను. కాషాయం, నలుపు కలిపి గీసిన కోరచూపుల హనుమంతుడి ముఖం. కింద 'ధర్మ యోధుడు' అని రాసుంది.

అటెండెన్స్ కాగితం మీద తండ్రి సంతకం కావాలి. ఆయన పని మానుకుని రాలేడని నేనే వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గోడకి యేసు ప్రభువు క్యాలెండర్. వాళ్ళమ్మ తమ చర్చిలో 'ప్రార్థనా యోధులు' అనే గుంపుకి లీడరు. తెల్లవారుజామున నాలుగింటికి ఇరవై మంది ఆడవాళ్ళు ఫోన్లో కలుసుకుని ప్రార్థన చేస్తారు. టీవీ పైన పెద్దకొడుకు ఫోటో, యూనిఫాంలో. అగ్నివీర్ మొదటి బ్యాచ్. అంటే ఒకే ఇంట్లో ముగ్గురు యోధులు. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఆయన ఒక్కడికే ఏ బిరుదూ లేదు. సంతకం పెట్టే ముందు చెయ్యి తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. అయినా కాగితం మీద మిర్చి ఘాటు పోలేదు.

టీ తాగుతుంటే ఆ తల్లి చెప్పిందే నాకు గుచ్చుకుంది. "రోజూ ముందు వీడి పేరే పెడతానయ్యా ప్రార్థనలో" అంది. ఆమె గుంపు ఏ శత్రువు మీద యుద్ధం చేస్తోందో ఆ శత్రువు చేతిలో ఉన్న జెండాని కొడుకు మోస్తున్నాడు. కొడుకు నడిచిన యాత్రలో మైకు ఎవర్ని శత్రువు అని అరుస్తోందో వాళ్ళలో ఆమె ప్రార్థన కూడా ఉంది. ఇద్దరూ ఒకే కంచంలో తింటారు. ఇద్దరికీ ఆ మాట బయటి నుంచే వచ్చింది. ఇచ్చినవాళ్ళు వేరు వేరు, మాట మాత్రం ఒక్కటే.

ఈ మాట ఇన్ని చోట్ల ఒకేసారి ఎందుకు మొలకెత్తింది? నేను చదువుకున్నది సాహిత్యం కాబట్టి మాట దగ్గరే మొదలుపెడతాను.

మన ఊళ్ళల్లో సైన్యంలో పనిచేసేవాణ్ని ఏమనేవాళ్ళు? సిపాయి. జవాను. మిలట్రీ ఆయన. ఇవన్నీ పని పేర్లే. పోస్టుమాను, లష్కరు, తలారి లాంటివి. ఇంగ్లీషులో సోల్జర్ అనే మాట సాలిడస్ అనే రోమన్ నాణెం పేరు నుంచి వచ్చింది. కూలి తీసుకుని కొట్లాడేవాడని అర్థం. తెలుగులో జీతబత్తేలు అంటాం కదా, అందులో బత్తెం దండుతో బయల్దేరినవాడికిచ్చే దినభత్యం. మనకి 'బంటు' అని ఒక చక్కని మాట ఉంది. సేవకుడు, భటుడు, రెండు అర్థాలూ దానికున్నాయి. హనుమంతుణ్ని రామబంటు అన్నది అందుకే.

మరి వీరుడు? ఇక్కడే కారెంపూడి వెళ్ళాలి, చాపకూడు కూడా ఇక్కడే తగులుతుంది. ఏటా కార్తీకంలో నాగులేటి ఒడ్డున ఐదు రోజులు పల్నాటి వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ఆచారవంతులు కొణతాలు పట్టుకొస్తారు. మందపోరు రోజున కులం లేకుండా ఒకే చాప మీద కూడు. అక్కడ వీరుడంటే చచ్చిపోయినవాడు. బతికున్న ఎవడూ తనని తాను వీరుడని పిల్చుకోడు. ఊరి పొలిమేరలో వీరగల్లు కూడా అంతే, రాయి నాటింది మనిషి పోయాకే. అది ఊరు ఇచ్చే పేరు, అందులో ఏడుపు కూడా కలిసుంటుంది. పల్నాటి కథ మొత్తం విన్నవాళ్ళకి తెలుసు, అది గెలుపు కథ కాదు. ఇరువైపులా పిల్లలు చచ్చిపోయి, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయే కథ.

ఆ కథని తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్ళని వీరవిద్యావంతులంటారు. మాలవాళ్ళు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చిన పల్నాటి వీరగాథకి ఆధారం అలిశెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడిన పాఠం. మాల కన్నమదాసుని సేనాపతిగా నిలబెట్టిన కథ అది. శ్రీనాథుడి పేరు ప్రతి సిలబస్‌లో ఉంటుంది, గాలెయ్య పేరు నేను పీహెచ్‌డీలో చేరేదాకా వినలేదు. (ఇది వేరే గొడవ, ఇంకో ఆదివారానికి.) నేను చెప్పొచ్చేదేంటంటే, 'వీర' అనే మాట మనకి పరాయిది కాదు. దాని బరువు మన గొంతులకి తెలుసు. చావుని పక్కన పెట్టుకోకుండా ఆ మాటని మనవాళ్ళు ఎప్పుడూ వాడలేదు.

ఇప్పుడు 2022 జూన్ 14కి రండి. అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళ ఉద్యోగం. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతిక మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికి. మొదటి ఏడాది జీతం నెలకి 30,000 అంటారు, చేతికొచ్చేది 21,000. మిగిలింది సేవానిధిలోకి. వెళ్ళిపోయేటప్పుడు సుమారు 11.71 లక్షలు ఇస్తారు, అందులో సగం వాడి సొమ్మే. పెన్షన్ లేదు. గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడి హోదా లేదు. మామూలు సిపాయి పదిహేనేళ్ళు చేస్తే బతికినంత కాలం పెన్షన్ వస్తుంది.

అన్నీ తీసేశాక ఒకటి ఇచ్చారు. పేరు. సిపాయి కాస్తా 'వీర్' అయ్యాడు.

పథకం ప్రకటించిన మూడో రోజున, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్లో కుర్రాళ్ళు రైళ్ళకి నిప్పు పెట్టారు. పోలీసులు కాల్చారు. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు చచ్చిపోయాడు. పరిగెత్తీ పరిగెత్తీ, ఫిజికల్ పాసై, రాత పరీక్ష కోసం రెండేళ్ళుగా కాచుకుని కూర్చున్న కుర్రాళ్ళు వాళ్ళు. నిప్పు పెట్టడం గురించి మీరేమైనా అనుకోండి. వాళ్ళు అడిగింది మాత్రం ఉద్యోగం. వీరత్వం కావాలని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఈ పేరు మార్చే పని మన దగ్గరే పుట్టలేదు. అమెరికా సైన్యం 2003లో, సరిగ్గా ఇరాక్ మీద పడ్డ ఏడాదిలో, తన సైనికుల ప్రతిజ్ఞని తిరగరాసింది. 'నేను సైనికుణ్ని' అన్న మాట పక్కన 'నేను యోధుణ్ని' అన్నది చేరింది. అక్కడితో ఆగలేదు. పోలీసులకి 'యోధుడి' శిక్షణలిచ్చే ప్రైవేటు కోర్సులు నడిచాయి. రోడ్డు మీద ఆపిన ప్రతి కారునీ శత్రువు కారనుకోమని నేర్పే కోర్సులు. మినియాపోలిస్ నగరం పక్కనే 2016 జులైలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుణ్ని కార్లో కూర్చుని ఉండగా కాల్చి చంపిన పోలీసు అలాంటి కోర్సు చేసినవాడే. 2019లో మినియాపోలిస్ మేయర్ ఆ రకం శిక్షణని నిషేధించాడు. మరుసటి ఏడాది మే నెలలో అదే నగరం పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ఊపిరి పోయింది. మాటని నిషేధించినా అలవాటు అంత తేలిగ్గా పోదు మరి.

పోయేటట్టు కూడా లేదు. 2025 సెప్టెంబర్‌లో అక్కడి రక్షణ శాఖకి 'యుద్ధ శాఖ' అని పాత పేరు తగిలించారు. 1947 దాకా ఉన్న పేరే. అదే నెలాఖరున ఆ శాఖ మంత్రి పీట్ హెగ్సెత్ జనరళ్ళందర్నీ క్వాంటికోకి పిలిపించి యోధుడి స్వభావం గురించి ఉపన్యాసమిచ్చాడు. యుద్ధంలో ఎప్పుడు కాల్చాలో ఎప్పుడు కాల్చకూడదో చెప్పే నియమాలు అడ్డమని విసుక్కున్నాడు. ఆయన 2020లో రాసిన పుస్తకం పేరు 'అమెరికన్ క్రూసేడ్'. ఛాతీ మీద జెరూసలేం శిలువ పచ్చబొట్టు. ఆయన దగ్గర సైన్యం భాష, మతం భాష రెండూ ఒకటే. మన తెలుగు పిల్లలు లక్షల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న దేశం కాబట్టి ఇది ఎక్కడిదో గోల అనుకోకండి.

సైనికుడికి, యోధుడికి తేడా ఇక్కడ తేటపడుతుంది. సైనికుడికి డ్యూటీ టైముంటుంది, సెలవుంటుంది, రిటైర్మెంటు ఉంటుంది. పట్టుబడితే ఎలా చూడాలో 1949 నాటి జెనీవా ఒప్పందాలు చెప్తాయి. తప్పు చేస్తే విచారణ ఉంటుంది. జీతం రాకపోతే అడగొచ్చు. యోధుడు జీతం గురించి అడిగితే నవ్వుతారు. అడిగినవాడు అప్పుడే యోధుడు కాకుండా పోతాడు. వాడి యుద్ధానికి ముగింపు తేదీ కూడా ఉండదు. శత్రువు లేకపోతే యోధుడికి పనే లేదు కాబట్టి ఎవడో ఒకణ్ని శత్రువుగా నిలబెట్టాల్సిందే.

ఇక దేవుళ్ళ దగ్గరికి.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఆంజనేయుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. దాసాంజనేయస్వామి. మా అమ్మమ్మ ఆయన్ని గుమ్మం బయట నుంచే చూసింది, లోపలికి రానివ్వలేదు. ఆవిడ చర్చిలో బాప్తీస్మం తీసుకున్నాక కూడా ఆ దారిన పోతూ ఆగి, "పాపం, ఎప్పుడూ నిలబడే ఉంటాడు, పాలేరు లాగా" అనేది. వీరాంజనేయుడు కూడా పాతవాడే, ఆ పేరుతో గుళ్ళు మనకి చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఆ స్టిక్కర్. 2015లో కాసర్‌గోడ్ ప్రాంతపు ఆర్టిస్టు ఒకతను గీశాడు, రెండేళ్ళు తిరిగేసరికి దేశంలో ప్రతి ఆటో అద్దం మీదికి ఎక్కింది. గీసినతను కోపం కాదు, ఠీవి అన్నాడు. ఏదైనా గానీ, ఆ బొమ్మలో ఉన్నది ఒట్టి ముఖం. రాముడు లేడు, సంజీవని లేదు, జోడించిన చేతులు లేవు. ఎవరికి బంటో తెలియని బంటు. అంతకు ముందే, అయోధ్య ఉద్యమం రోజుల్లో, పోస్టర్లలో రాముడు కూడా ఇలాగే ఒంటరివాడైపోయాడు. మన ఇళ్ళల్లో పట్టాభిషేకం పటంలో భార్య, తమ్ముళ్ళు, కాళ్ళ దగ్గర హనుమంతుడు, ఇంతమంది మధ్య కూర్చుని ఉండేవాడు. పోస్టర్లో విల్లు ఎక్కుపెట్టి ఒక్కడే నిలబడ్డాడు.

మా అమ్మమ్మని గుమ్మం దాటనివ్వని దేవుడి ముఖం మా స్టూడెంట్ డీపీ అయింది. వాణ్ని యాత్రలో ముందు నడవమన్నారు. గుళ్ళో ఎక్కడ నిలబడమంటారో నేను అడగలేదు. వాడే చెప్పాడు, "గుళ్ళోకి ఎందుకు సార్, మాకు యాత్రే" అని.

చర్చిల సంగతి రాయకపోతే మన పక్షపాతం బయటపడుతుంది. రాస్తే మా అమ్మ నొచ్చుకుంటుంది. అయినా రాయాలి. 1865లో లండన్‌లో మొదలైన ఒక మిషన్ 1878లో తన పేరే సాల్వేషన్ ఆర్మీ అని మార్చుకుంది. కెప్టెన్లు, మేజర్లు, జనరల్, బ్యాండు, యూనిఫాం. 1882లో మన దేశంలో దిగింది. రక్షణ సైన్యం అంటే బాపట్ల, నెల్లూరు వైపు తెలియనివాళ్ళు లేరు. వాళ్ళ ఆసుపత్రుల్లో, బళ్ళల్లో మనవాళ్ళు బాగుపడ్డారు, అది కాదనను. కానీ బాపట్ల దగ్గర స్టూవర్టుపురం కూడా గుర్తు పెట్టుకోవాలి. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి ఒకచోట కుదేసి, ఆ సెటిల్మెంటుని సర్కారు ఈ సైన్యం చేతికే అప్పగించింది. ఆత్మల్ని రక్షించే సైన్యం మనుషులకి హాజరు వేయించింది. పేరులో సైన్యం ఉంటే చేతికి ఏ పని వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన తాతలు క్రీస్తులోకి వచ్చింది ఆ భాష విని కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి కూలి ఇచ్చాడు. కరువు పని అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. తవ్విన మట్టికి కూలి కట్టి, పేరు పెట్టి పిలిచిన మతం అది. నా చిన్నప్పుడు చర్చిలో విన్న మాటలు విశ్వాసి, సేవకుడు, పరిచారకుడు, సహవాసం. యోధులు, రాజ్యాధికారం, శత్రు కోటలు కూల్చడం, ఇవన్నీ స్టేడియం సభలు, టీవీ ప్రసంగాలు వచ్చాక ఎక్కువయ్యాయి. వాళ్ళు దీనికి బైబిల్లోంచి చూపించేది ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం, సర్వాంగ కవచం. అదే అధ్యాయం తెరిచి చూడండి. మన పోరాటం రక్తమాంసాలున్న మనుషులతో కాదని అక్కడే ఉంది. కాళ్ళకి తొడుక్కోమన్న చెప్పులు సమాధానానివి. ఆ ఉత్తరం రాసిన మనిషి సంకెళ్ళలో ఉన్నాడు. కాపలా కాసే రోమన్ సిపాయి ఒంటి మీది సామాను చూసి, ఒక్కోదానికీ వేరే అర్థం చెప్పాడని నేను చదువుకుంటాను. ఖైదీ మాటని తీసుకెళ్ళి కాపలావాడి నోట్లో పెట్టేశారు.

ఇంతవరకు రాసింది మీలో చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది ఇప్పుడు.

జనవరి ఒకటి వచ్చిందంటే మన గ్రూపులన్నీ భీమా కోరేగావ్ బొమ్మలతో నిండిపోతాయి. 'మేము యోధుల జాతి', 'మా రక్తంలోనే యుద్ధం ఉంది'. నేనూ పెట్టాను, ఎమ్మే చదివేటప్పుడు. 1818 జనవరి 1న పీష్వా సైన్యాన్ని ఎదుర్కొన్న కంపెనీ దండులో మహర్లు ఉన్నారు. ఆ స్తంభం మీద 'నాక్' అని ముగిసే 22 పేర్లున్నాయి. మెళ్ళో ముంత కట్టించిన రాజ్యం మీద ఆ పేర్లు రాతిలో నిలబడ్డాయి. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి వెళ్ళాడు. గర్వపడాల్సిన సంగతే.

తర్వాత ఏం జరిగిందో మాత్రం మన పోస్టుల్లో ఉండదు. ఆ యుద్ధమైన డెబ్భై నాలుగేళ్ళకి, 1892లో, అదే బ్రిటిష్ సైన్యం మహర్లని తీసుకోవడం ఆపేసింది. కారణం 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే యోధులు, మిగతావి కావు అని. దాన్ని గట్టిగా ముందుకు తోసిన వాళ్ళలో ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఒకడు. అతను 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి కమాండర్. మద్రాసు సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దవుతూ పోయాయి. ఆ పటాలాల్లో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, మాలలు, పరయలు ఉన్నారు. ఇందులో ఒక వింత చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన సిపాయిల వల్ల ఉత్తరాదిలో సిపాయి అనడానికే 'తిలంగా' అనే మాట స్థిరపడింది. 1857 నాటి ఢిల్లీలో కూడా తిరగబడ్డ సిపాయిల్ని తిలంగాలు అనే అన్నారు. ఏ ప్రాంతం పేరు సిపాయికి మారుపేరైందో ఆ ప్రాంతం వాళ్ళు ఇంకో ముప్పై ఏళ్ళు తిరిగేసరికి యుద్ధానికి పనికిరాని జాతి అయిపోయారు. రక్తం ముప్పై ఏళ్ళలో మారిపోయిందా? రిజిస్టర్ మారింది.

మహర్ల తరఫున గోపాల్ బాబా వలంగ్‌కర్, తానూ మాజీ సైనికుడే, 1894లో అర్జీ తయారుచేశాడు. మమ్మల్ని మళ్ళీ తీసుకోండి అని. ఆ అర్జీలో మేము మొదట క్షత్రియులమే అని రాసుకోవాల్సి వచ్చింది. కొలువు అడగడానికి కులం అరువు తెచ్చుకోవాల్సి రావడం చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. యుద్ధ జాతి అనే మాట కులం మాటే, దాని మీద పటాలం ముద్ర వేశారంతే. యుద్ధం ముంచుకొస్తే పిలవడం, తీరాక పంపెయ్యడం. మొదటి ప్రపంచ యుద్ధంలో మహర్ల దళం ఒకటి 1917లో పెట్టి, యుద్ధం తీరాక తీసేశారు. చమార్ రెజిమెంట్‌ని 1943లో పెట్టి 1946లో రద్దు చేశారు. మనల్ని తోసెయ్యడానికి పుట్టిన మాటని మనమే నెత్తిన పెట్టుకుని, మా రక్తంలో ఉంది అంటే, అవతలివాడు వాడి రక్తంలో ఉన్నది కూడా చదివి వినిపిస్తాడు. అప్పుడు మన దగ్గర జవాబు ఉండదు.

సైన్యం మనకి నిజంగా ఇచ్చిందేంటి? అంబేద్కర్ ఇంట్లోనే చూడండి. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, మిలట్రీ బళ్ళో హెడ్మాస్టరు. సైన్యంలో సిపాయిలకీ వాళ్ళ పిల్లలకీ, ఆడపిల్లలకి కూడా, చదువు చెప్పేవాళ్ళు. ఊళ్ళో బడి గుమ్మం ఎక్కనివ్వని కాలంలో కంటోన్మెంటులో అక్షరం దొరికింది. నెలనెలా జీతం, ఆపైన పెన్షన్. రాంజీ కత్తి గురించి మనకి ఏమీ తెలియదు. ఆయన పిల్లల్ని తెల్లవారుజామున లేపి చదివించిన సంగతి తెలుసు.

మా పెదతాత రెండో ప్రపంచ యుద్ధంలో పయనీర్ కోర్‌లో పనిచేశాడు. బర్మా సరిహద్దులో రోడ్లు వేశాడు. వీరత్వం గురించి ఆయన ఒక్క కథా చెప్పలేదు. బూట్ల గురించి చెప్పేవాడు. మొదటిసారి కాళ్ళకి బూట్లు, అదీ సర్కారు ఇచ్చినవి. సెలవుకి ఊరొచ్చినప్పుడు పెద్దవీధి మొదట్లో బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని, వీధి దాటాక మళ్ళీ వేసుకునేవాడట. నాలుగోసారి వచ్చినప్పుడు విప్పలేదట. "ఏం చేశారు తాతా?" అంటే, "ఏం చెయ్యలా. చూశారు" అనేవాడు. అంతే కథ.

ఈ ముక్క క్లాసులో చెప్తే ఒక అమ్మాయి లేచింది. "సార్, వేల ఏళ్ళు మనల్ని చేతగాని వాళ్ళన్నారు. ఇప్పుడు యోధులమని చెప్పుకుంటే మీకెందుకు నొప్పి? దెబ్బలు తినమంటారా?" అంది. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను తల్లీ.

1985 జులై 16న కారంచేడు చెరువు దగ్గరికి మున్నంగి సువార్త నీళ్ళకి వచ్చింది. తాగేనీళ్ళ చెరువు పాడు చెయ్యొద్దన్న పిల్లాణ్ని కొడుతుంటే అడ్డం వెళ్ళింది, తన మీదికొస్తే బిందె ఎత్తింది. ఆవిడ నీళ్ళకొచ్చింది, యుద్ధానికి రాలేదు. మర్నాడు పల్లె మీద పడి చంపింది తమని తాము పౌరుషం గల కులం అనుకునేవాళ్ళు. ఆ తర్వాత మనవాళ్ళు చీరాలలో శిబిరం పెట్టుకున్నారు. ఊరికి తిరిగి పోమన్నారు. బొజ్జా తారకం గవర్నమెంటు ప్లీడరు పదవి వదిలేసి వచ్చాడు. దళిత మహాసభ పుట్టింది. ఇళ్ళ స్థలాలడిగారు, కేసు నడిపారు, 2008లో సుప్రీంకోర్టు తీర్పు దాకా నడిపారు. ఇరవై మూడేళ్ళు. అన్నేళ్ళు వాయిదాలకి బస్సెక్కి తిరిగిన సాక్షుల్ని ఏమని పిలవాలో నాకు తెలియదు. యోధులు అనే మాట వాళ్ళకి చిన్నదైపోతుంది. దెబ్బలు తినమని నేనెందుకంటాను? బిందె ఎత్తడానికి జాతి రక్తం అక్కర్లేదని అంటున్నాను. నీళ్ళ మీద మనకి హక్కుందని తెలిస్తే చాలు.

బాబాసాహెబ్ కూడా ఒక దళం పెట్టాడు, 1927లో. దాని పేరు సమతా సైనిక్ దళ్. యూనిఫాం ఉంది, డ్రిల్లు ఉంది. అయినా సైనిక్ అన్నాడు, ముందు సమత పెట్టాడు. 1941లో మహర్ రెజిమెంట్ వచ్చేదాకా ప్రభుత్వంతో పోరి కొలువులు సాధించినవాడు, 1956లో దీక్ష తీసుకునేటప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాడో మీకు చెప్పక్కర్లేదు. యుద్ధం చూసి వెనక్కి తిరిగిన అశోకుడి చక్రాన్ని జెండా మధ్యలో పెట్టుకున్న దేశం మనది.

విప్లవోద్యమంలో 'అమరవీరులు' అనే మాట గురించి ఎందుకు రాయలేదని కామెంట్లలో అడుగుతారని తెలుసు. రాస్తాను. స్థూపాల మీద ఎవరి పేర్లున్నాయి, స్థూపాల ముందు ఎవరు మాట్లాడారు అనే లెక్క తీస్తున్నాను. సగంలో ఉంది.

నిన్న రాత్రి ఆ ఇంటి పెద్దకొడుకు ఫోన్ చేశాడు, తమ్ముడి కేసు గురించి. రాజీకి ఎంత అడుగుతున్నారు, లాయరు ఎవరు, పరీక్షలు రాయనిస్తారా, ఇవన్నీ అయ్యాక కాసేపు ఆగి, "సార్, మాకు నాలుగేళ్ళు దగ్గర పడుతున్నాయి. పాతిక మందిలో ఉంటానో లేదో. ఎక్స్ సర్వీస్‌మన్ కోటా మాకు వర్తిస్తుందా?" అని అడిగాడు. వర్తించదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో 2022లో పది శాతం అన్నారు. అదే చెప్పాను. "నాన్నకి చెప్పకండి సార్" అన్నాడు. ఫ్రేమ్ కట్టించిన ఫోటో గుర్తొచ్చింది.

మీ ఇళ్ళల్లో సైన్యంలో పనిచేసిన తాతలు, ముత్తాతలు ఎవరైనా ఉంటే వాళ్ళ డిశ్చార్జి కాగితాలు, పెన్షన్ పుస్తకాలు వెతికి ఫోటో తీసి ఇన్‌బాక్స్‌లో పంపండి. మెడల్స్ కంటే ముందు పెన్షన్ పుస్తకాలు. నెలకి ఎంత వచ్చేది, ఆ డబ్బుతో ఇంట్లో ఎవరు చదువుకున్నారు అని నాలుగు ముక్కలు రాసి పంపితే ఇంకా మంచిది. పయనీర్ కోర్, మద్రాసు శాపర్లు ఎవరైనా సరే. పేర్లు వద్దంటే తీసేస్తాను.